పదిహేడో బోరు

శుక్రవారం. దస్తగిరి ఫజర్ నమాజు ముగించుకొచ్చేలోపు
నేను సైకిళ్లకు గాలి కొట్టి ఉంచుతాను.
నాది, ఎవరో ఇంజనీరు దేశం వదిలిపోతూ
క్యాంపు గేటు దగ్గర పారేసిన కొండ సైకిలు.
మూడో గేరు పడదు.
ముందు బ్రేకు మాత్రం పడుతుంది, అవసరానికి మించి.

అల్ ఖోర్ దాటి, మడచెట్ల పక్కగా
పసుపు జెండాలు పాతిన బాట.
బోర్డు మీద కొండ అని రాశారు గానీ
మా బేతంచెర్లలో దీన్ని దిబ్బ అని కూడా అనరు.
నాలుగు నిలువుల ఎత్తు, పైన బల్లపరుపు,
అంచులు ఎలక కొరికిన జొన్నరొట్టె.

మొదట సబ్‌ఖా. పైన ఉప్పు పొర, కింద బురద.
మధ్యాహ్నం అప్పడంలా పగులుతుంది.
ఈ వేళప్పుడు మంచుకు నాని
టైరును ఒక గుక్క లోపలికి పీల్చి వదులుతుంది.

ఆ తర్వాత గవ్వల ఇసుక గట్టిపడిన మెట్టు.
ఒకప్పటి ఒడ్డు ఇది.
అలలు గీసిన ఏటవాలు గీతలు ఇంకా చెరగలేదు.
సముద్రమేమో అరమైలు అవతల,
చెప్పులు మరిచి వెళ్లిపోయిన చుట్టంలా.

ఆ పైన సున్నపురాయి. చక్రం కింద చప్పుడు మారుతుంది.
నాకు రాయి తెలిసేది చెవితోనే.
పన్నెండేళ్లప్పుడు నాయన సుత్తి చేతికిచ్చి
"కొట్టి విను. గంట మోగితే పలక, దగ్గితే పారెయ్" అన్నాడు.

ఇక్కడి రాయి దగ్గుతుంది.
గుట్ట గుట్టంతా దగ్గే.

ఈ గుట్టను నేను లోపల్నుంచి ఎరుగుదును.
రెండేళ్ల కింద, బాట లేని రోజుల్లో,
ఎవరో ఏదో కడదామనుకుని మా కంపెనీని పిలిచారు.
ఇరవై బోర్లు. రిగ్గు మీద నేను హెల్పరు.
మీటరుకొక వరస చొప్పున చెక్కపెట్టెల్లో
నేలను చెరకు ముక్కల్లా పడుకోబెట్టాం.
తెల్లది, గోధుమది, జానెడు ఆకుపచ్చ బంకమన్ను,
మళ్లీ తెల్లది.
నిజార్ సారు తడిచేత్తో నిమిరి, పెన్సిలుతో రాసేవాడు:
బలహీనం. ఒక మోస్తరు బలహీనం.

ఒకరోజు ఒక ముక్క నా అరచేతిలో పెట్టాడు.
రాయినిండా పాత పైసల్లాంటి బిళ్లలు.
ప్రాణులట. ఒక్కో పైస ఒక్కో ప్రాణి.
నాలుగు కోట్ల ఏళ్ల కింద, లోతులేని వెచ్చని నీళ్లలో
బతికి, రాలి, ఒకదాని మీద ఒకటి పడి
ఇట్లా నేలైనాయట.

ఆ రాత్రి చెప్తే దస్తగిరి లేచి కూచున్నాడు.
"మన రాతిలో యాపొద్దన్నా గవ్వ సూసినావా?"
చూడలేదు.
ముప్పై ఏళ్లు పలకలు చీల్చిన నాయనా చూడలేదు.
మా రాయి గవ్వలు పుట్టకముందుదని
నిజార్ సారు తర్వాత చెప్పాడు.
నీళ్లున్నాయి, బురద ఉంది, గవ్వ కట్టుకునే ప్రాణి లేదు.
అందుకేనేమో అంత నున్నగా మోగుతుంది,
ఎవరూ కాపురముండని ఇల్లు.
ఇక్కడ దగ్గేది జనం.

పదిహేడో బోరు మలుపు దాటాక, మూడో జెండాకు కుడివైపు.
ఆరు మీటర్ల దగ్గర రాడ్డు జారింది,
మూరెడు, ఏమీ లేని చోటుకి.
పోసిన నీళ్లన్నీ తాగింది. ట్యాంకరు ఖాళీ.
చుక్క తిరిగి రాలేదు.
లోపల్నుంచి గాలి వచ్చింది ఒక్కసారి, చల్లగా,
ఉప్పూ పాత కుండా కలిసిన వాసన.
రిగ్గు మీద నలుగురం, ఎవరూ మాట్లాడలేదు.
సిమెంటు పోసి మూశాం.
కాగితంలో తొమ్మిది బస్తాలు.
పోసింది నాలుగు.

ఇప్పుడు దాని మీదుగా హెల్మెట్లు దూసుకుపోతాయి,
నవ్వులు, నీళ్ల సీసాలు, పన్నెండేళ్ల పిల్ల ఒకతి.
ఏమీ కాదు. మూరెడు బొక్క. నాకూ తెలుసు.
అయినా మూడో జెండా దగ్గర దిగుతాను.
"చైను పడిందా?" ముందునుంచి దస్తగిరి కేక.
"ఆ" అంటాను.
సైకిలు భుజానెత్తుకుని పదడుగులు నడిచి
మడమతో ఒకసారి కొడతాను.

గంట కాదు. దగ్గు కాదు.
ఈ చప్పుడుకు నాయన పేరు చెప్పలేదు.

ఆటు మొదలైంది. మడచెట్ల వేళ్లు
బురదలోంచి ముక్కులు పైకెత్తి ఉన్నాయి.
"ఎండెక్కుతాంది రా" అంటున్నాడు దస్తగిరి.