మూరెడు బురద

నార్వేలో, కొండల సందుకి చొచ్చుకొచ్చిన సముద్రం మీద
పడవ బల్లపై గొట్టాన్ని నిలువునా చీల్చి పరిచింది ఇంగున్.
మూరెడు బురద.
పైన రెండు వేళ్ళ మందాన బూడిద రంగు,
దాని కింద తుప్పు,
ఇంకా కింద, ఎవరూ జింకు కరిగించని కాలపు
మెత్తటి పాచి రంగు.

తోర్గిల్స్ ఊరికే చూడ్డానికొచ్చాడు.
ముప్ఫై ఒక్క ఏళ్ళు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
"ఇదెప్పటిది?"
"డెబ్బై రెండో, మూడో. కాడ్మియం, సీసం, కాస్త పాదరసం."
"డెబ్బై మూడులో ఇంటికి పైకప్పు వేశాం.
గురో పుట్టింది.
పంటినొప్పి ఒకటి, చలికాలమంతా."

తుప్పు పొర మీద వేలు పెట్టబోయాడు.
గ్లవ్స్, అంది ఇంగున్.
నవ్వాడు. అప్పుడెవరిచ్చారమ్మా!

"ఆదివారాలు ఆల్చిప్పలు వెన్నలో ఉడికించేది మా ఆవిడ.
తినకూడదని బోర్డు పెట్టాక కూడా ఓ ఏడాది తిన్నాం.
బోర్డు మీద అక్షరాలు రాసింది మా తమ్ముడే.
వాడూ తిన్నాడు."

ఇంగున్ ఏమీ అనలేదు.
చెంచాతో వేలెడు వేలెడు కోసి సంచుల్లో వేసి
అంకెలు రాస్తోంది.
తుప్పు పొర వంతు వచ్చేసరికి
అతను టోపీ తీశాడు.

గాలికేమో,
వెంటనే మళ్ళీ పెట్టుకున్నాడు.