కుడుక

లేసి నిలబడ్డది కాయ గాదు,
నా మణికట్టు.

ఎనిమిదేండ్లు
చండూరు నుంచి మర్రిగూడ దాంక
చెల్కల పొంటి చెప్పులిడిసి తిరిగిన.
అరచేతిల కొబ్బరికాయ పండుకున్నది పండుకున్నట్టే ఉండేది,
నేనే లేపేటోన్ని.
"ఇక్కడ కొట్టు, రెండించుల నీళ్లు" అనేటోన్ని.
పాయింటుకు రెండు వేలు, దారి ఖర్చులు వేరే.
బాప్తిస్మంల పెట్టిన పేరు ఏసోబు,
ఊర్లన్ని పిలిసిన పేరు కాయ ఏసోబు.
పడ్డకాడ నా గొప్ప,
పడనికాడ వాళ్ల రాత.

ఆదివారాలు గిరాకి ఎక్కువ.
అట్ల మొదలైంది మందిరానికి పోకపోవుడు.
తర్వాత గిరాకి లేని ఆదివారాలు గూడ పోలే.

జంగయ్యది నాలుగో బోరు.
ఆరువందల ఇరవై అడుగులు.
బండి మొత్తుకొని మొత్తుకొని
తెల్లటి పిండి కక్కింది.
ఆయన భార్య కొంగు ముక్కుకడ్డం పెట్టుకొని
ఇంకొక్క పైపు, ఇంకొక్కటి అని
ఏళ్లతోని సైగ చేస్తనే ఉన్నది.
ఇంజిను బందువెట్టినంక
చెవులు గుయ్యిమంటుంటే
కనురెప్పల మీది దుమ్ము గూడ తుడ్సుకోకుండ
జంగయ్య నా దిక్కు మర్రిండు.
తిట్టలే. అడిగిండు:
"ఏసోబన్నా, మీ దేవుని మనుషులు అబద్ధమాడరంటరు గదా.
కాయ నిజంగనే లేసిందా?"

చిన్నప్పటి సంది ఎన్ని ప్రసంగాలు విన్ననో!
అగ్గి, సావని పురుగు, పండ్లు కొరుకుడు.
ఏదీ లోపటికి దిగలే.
ఈ ఒక్క మాటకు
కేసింగు లేని బోరు లెక్క
నాలోకి నేనే కూలిన.

రెండు గొర్లమ్మి
ఎనిమిది వేలు తీస్కపోయిన ఆయన ఇంటికి.
జంగయ్య లెక్కవెట్టుకున్నడు, రెండు సార్లు.
నవ్వలే. మాఫ్ చేసిన అనలే.
బండోని అప్పు అట్లనే ఉన్నది,
నేనిచ్చింది దాని మిత్తికి గూడ సాలదు.
లేసి, కొనుక్కున్న క్యాను వంచి
గిలాసెడు నీళ్లు చేతికిచ్చిండు.
"ఎండల వడి వచ్చినవ్, తాగు."

నీళ్లు లేనోని ఇంట్ల
నీళ్లు చూపిస్తనన్నోడు తాగిండు.

ఆ మాపటికి కాళ్లు వాటంతటవే మందిరం దిక్కు పోయినయంటే
అది గూడ అబద్ధమే అయితది.
రెండు సార్లు ఎనుకకు మర్రిన.

రేకుల షెడ్డు. బుధవారం కూడిక. ఏడుగురు మనుషులు.
ఏలీశమ్మ కుర్చీల కూసున్నది.
ఫ్లోరైడు నీళ్లు ఎన్నడో కట్టేసినయ్ ఆమె మోకాళ్లను.
వంగే మోకాళ్లు రెండు పెట్టుకొని గడపల నేను.
"దోమలొస్తయ్, తలుపేసి లోపటికి రా" అన్నది.
గంతే.

హాజరు బుక్కు తీసి పేర్లు సదివింది.
నడుమ "ఏసోబు" అన్నది,
మొన్నటి వారం గూడ పిలిసినట్టే.
తొంగి చూసిన.
కొత్త బుక్కు, ఈ యేడుదే.
ఏడాదికో బుక్కు కొన్నప్పుడల్ల
రాని మనిషి పేరు మల్లొక్కసారి రాసుకున్నది,
ఎనిమిది సార్లు,
పెన్ను సరిగ పట్టరాని వంకర ఏళ్లతోని.

తండ్రీ,
నీ చేతిరాత అట్లుంటదని నాకు తెల్వదు.

మోకాళ్ల మీద పడ్డ.
నేర్చుకున్న ప్రార్థనొక్కటి మతికి రాలే.
"హాజరు" అన్న.
ఎవ్వరో ముక్కు చీదుకున్నరు. నేనే కావచ్చు.

ఆదివారం ప్రేమ విందుకు వంట నడుస్తుంటే
సంచిలున్న కాయ తీసి ఆమె ముందల పెట్టిన.
రెండేండ్ల సంది అదే కాయ.
చెవికాడ ఊపి చూసింది.
"నీళ్లెప్పుడో ఇంకిపోయినయ్ బిడ్డా" అన్నది.
పారేస్త అని లేసిన.
"పారేసుడెందుకు, కుడుకయింది, కూరల పడ్తది.
నువ్వే పగలగొట్టు."

రాయి మీద కొట్టిన.
సగం వంకాయల మసాలకు నూరిండ్రు,
సగం పోరగాండ్లు గుంజుకొని నమిలిండ్రు.