జీరో చూసుకోండి

టెక్కలి దాటి నౌపడ దారిలో
ఉప్పుమడుల గాలి తగిలే చోట మా బంకు.
ఆ గాలికి ఇక్కడ తుప్పు పట్టనిది లేదు.
ధరల బోర్డు మీద రేకు అంకెలు
పొద్దున్న ఆరింటికి నేనే మారుస్తాను
స్టూలెక్కి,
చీర మీద కంపెనీ చొక్కా గుండీ పెట్టుకుంటూ.

ఎన్నికలు దగ్గరపడ్డాక
స్టూలుకి పనిలేకుండా పోయింది.
తొమ్మిది మీద సాలీడు గూడు కట్టింది.
దులుపుదామని గుడ్డ తీసి
ఊరుకున్నాను,
దానికైనా నిలకడైన ఇల్లు దొరికింది కదా అని.

తవిటయ్య ఆటో రోజూ వచ్చేది,
నెత్తిన రెండు మైకులు, ఒంటి నిండా బాబుగారి ఫ్లెక్సీలు.
డీజిల్ మూత తియ్యాలంటే
ఆయన గడ్డం పైకెత్తాలి.
"సోదర సోదరీమణులారా, మన ప్రభుత్వం రాగానే
డీజిల్ ధర..."
మైకు కట్టెయ్యరా అని లోపల్నుంచి
గున్నయ్యగారి కేక.
రోజూ అక్కడే ఆగిపోయేది ధర.
దిగిందో లేదో
ఆ బంకులో ఎవరూ వినలేదు.

చేతిలో చీటీ. ఐదు లీటర్లు.
కింద ఎవరిదో పొట్టి సంతకం.
"ఎన్నిసార్లు విన్నావు తవిటయ్యా?"
"నెక్కెట్టనేదమ్మా.
ఇంటికాడ గుంటలు దీన్నే పాడతన్నారు.
మా ఆడది తాలింపేస్తా అడిగింది,
మంచినూనె మాటేటీ సెప్పనేదేటి అని.
నానేటి సెప్పను?
పెన్‌డ్రైవులో నేదన్నాను."

"జీరో చూసుకో" అన్నాను.
ఎవరొచ్చినా నాది అదే మాట,
గ్రానైటు లారీ అయినా,
భావనపాడు నుంచి క్యాన్లు మోసుకొచ్చే
పడవల కుర్రాళ్లయినా.
ఆరేళ్లుగా నేను ఇచ్చి
తప్పని మాట అదొక్కటే.

ఒక మధ్యాహ్నం రెండు పార్టీల ఆటోలూ
ఒకే పంపు దగ్గర ముక్కూ ముక్కూ ఆనించాయి.
ఒకరు పది తగ్గిస్తామన్నారు,
ఇంకొకరు పదిహేను.
గవరయ్య తడి చెయ్యి లుంగీకి తుడుచుకుని
వేళ్ల మీద లెక్క కట్టాడు:
"పాతిక! ఇద్దరూ గెలిస్తే బాగుణ్ణు.
ఇంకో నలుగురు నిలబడితే
క్యాను నింపి మనకే ఎదురు డబ్బులిస్తారు."
అందరం నవ్వాం.
ఆ నవ్వులో క్యాను పొంగి
చెప్పుల మీద వొలికింది.
అందులో ఎవరి డబ్బు ఎంతో తెలీదు.

పోలింగయిన మర్నాడు
తవిటయ్య దగ్గర ఇంకా మూడు చీటీలు మిగిలాయి.
"కోటా అయిపోయింది" అన్నారు గున్నయ్యగారు
తల ఎత్తకుండానే.
తవిటయ్య చీటీలు మడిచి
చొక్కా జేబులో పెట్టుకున్నాడు, భద్రంగా,
ఎందుకో మరి.
ఇంకో జేబులోంచి రెండొందలు తీశాడు.

ఫ్లెక్సీ పారెయ్యలేదు.
వాన పడకుండా ఆటో పక్కకి కట్టుకున్నాడు,
మొహం లోపలికి తిప్పి.
ఇప్పుడు బాబుగారు
పలాస జీడిపిక్కల ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్ల
మోకాళ్ల వైపు చూసి నవ్వుతుంటారు.
వాళ్లు ఆయనకి వీపానించి కునుకు తీస్తారు.

లెక్కింపు అయిన వారానికి
ఫోను మోగింది.
స్టూలు బయటికి లాగాను.
తొమ్మిదిని తీస్తే గూడు తెగి
సాలీడు నా మణికట్టు మీదుగా పరిగెత్తింది.
ఆ రోజు ముప్పై పైసలు,
మర్నాడు ముప్పై ఐదు,
రూపాయి కాదు, ఎవరూ గొడవ చేయలేనంత.

"గెలిచాడా మీ బాబు?" అడిగాను తవిటయ్యని.
"గెలిసాడమ్మా."
"మరి?"
బోర్డు కేసి చూడలేదు.
పంపు మీద అంకెల్ని చూశాడు,
నేను నోరు తెరిచేలోగా
"జీరో సూసుకున్నాను, కొట్టీ" అన్నాడు.

కొట్టాను.
రెండొందలకి మొన్నటి కన్నా
ఒక్క గుక్క తక్కువ.

స్టూలు లోపల పెట్టలేదు.
రేపు మళ్లీ ఆరింటికి కావాలి.