మర్సిపోవాలట

జ్ఞానాపురం వంతెన పక్కన
ముప్పై రూపాయలకి ఇచ్చాడు
బొటనవేలంత మొక్క.
"నీల్లెక్కువ పొయ్యకమ్మా, మర్సిపోవాల దాన్ని.
మర్సిపోతేనే బతుకుతాది."

మొదటిదాన్ని మర్చిపోలేకే చంపాను.
పొద్దున్నోసారి, షిప్‌యార్డు నుంచి వచ్చాకోసారి
గ్లాసు వంచడమే.
పన్నెండో రోజుకి మొదలంతా
మగ్గిన చక్రకేళిలా వేలికంటుకుంది.

ఈ ఊళ్లో గాలే సగం నీళ్లు కదా.
ఉప్పుడబ్బా చెమరుస్తుంది, అగ్గిపుల్ల అలుగుతుంది,
ఆరేసిన యూనిఫాం ఎప్పటికీ ఆరినట్టుండదు.
మధ్యలో నా గ్లాసెందుకు?

రెండోదానికి టీ కప్పు.
అడుగున మేకుతో చిల్లు పొడుస్తుంటే చెవి ఊడింది.
సగం ఇటికపొడి,
సగం ఏడుసార్లు కడిగినా ఉప్పగానే అనిపించిన ఇసుక.

పోర్టు బొగ్గు దుమ్ము
కిటికీ దాటొచ్చి ఆకులమీద కాటుకైపోతుంది.
కుంచెతో దులుపుతాను,
ఓడల ఒంటిమీద పేర్లు రాసి రాసి
నాలుగు వెంట్రుకలు మిగిలిన కుంచె.
అక్కడ ఒక్కో అక్షరం నా నడుమెత్తు.
ఇక్కడ ఆకు నా గోరంత.
చెయ్యి వణికేది ఇక్కడే.

రెండో ఆదివారం నీళ్లు. ఒక చెంచా.
కాదు, ముప్పావు.
తక్కిన రోజులు మర్చిపోవడానికి
క్యాలెండర్లో సున్నాలు చుట్టుకుంటున్నాను.

కిందటి నెల ఒక ఆకు రాలింది.
పారెయ్యబోతుంటే ఎవరో తలుపు కొట్టారు.
రంగుడబ్బా మూతలో పెట్టి వెళ్లాను.
దాన్ని మాత్రం నిజంగానే మర్చిపోయాను.

ఇవాళ డబ్బా కోసం వంగితే
తెగినచోట గులాబీరంగు వేరు,
దారప్పోగంత,
ఎండిన ఎర్రరంగు మీద
ఏదో రాయబోయి ఆగినట్టు.