కేదా

మెట్ల కింద నా మిషను,
మెట్ల మీద స్పానిష్ క్లాసు.
తార్నాకల ఆరు దాటిందంటే
పైన పదిమంది ఒక్క గొంతుతోని అంటరు:
కేదో, కేదాస్, కేదా.
మొదటిరోజు నేను
కేదార్ అనే పిల్లగాడు తప్పిపోయిండనుకున్న.

సౌగంధి నవ్వింది, బ్లౌజు చేతికిచ్చుకుంట.
"మనిషి కాదక్కా, క్రియ.
మిగులుడు అని అర్థం.
కేదా లేచె? అంటే
పాలు ఏమన్న మిగిలినయా అని."
పాలను లేచె అంటరట.
పొంగేటప్పుడు లేస్తయి గద,
ఆ మాట నాకు జల్ది పట్టింది.

ఆ మంగళవారం అద్దం ముందు నిలబడి
"తే కేదా బియెన్ అనాలక్కా నువ్వు" అంది,
"నీకు మంచిగ కుదిరింది అని."
మొన్న మిగులుడు అన్నవు గదనే?
"ఇది సుత అదే.
ఏడింటికి మెట్రో కింద కలుద్దామనుకున్నా అదే,
బ్యాంకు ఏడున్నదని అడిగినా అదే."
టేపు మెడల ఏసుకొని నేను గమ్మున నిలబడ్డ.
ఒక్క మాటకు ఎన్ని చేతులు పెట్టిండ్రో!

రాత్రి కాజాలు కుట్టుకుంట యాదికొచ్చింది.
చంక కాడ పడితే కుదరలేదంటం.
ఆదివారం రమ్మంటే కుదరదంటం.
సంబంధం కుదిరిందంటం,
ఎగిరే పిల్లను కుదురుగ కూసోమంటం.
మా అవ్వ కుండ కింద పెట్టే గడ్డి చుట్ట,
దాని పేరే కుదురు.
ఇరవై ఆరేండ్ల సంది ఈ మాట మీదనే తింటున్న,
ఎవ్వరు నాకు పరీక్ష పెట్టలే.

ఒక్క మిగులుడు మాత్రం మన కుదురుల లేదు.
ఆడ స్పెయినోళ్లు గెలిచిండ్రు అనుకున్న,
బాధయింది గూడ, అబద్ధమెందుకు.
మల్ల సౌగంధి బ్లౌజు తిరగేసి చూస్తే
పక్కల పొంటి నేనే ఇడిచిన రెండించుల గుడ్డ.
లోపల ఇంత మిగిలిస్తేనే
ఒళ్లు మారినా రేపు కుదురుతది.
ఇది వాళ్లకు ఎవరు చెప్పిండ్రో,
ఏ దర్జీ పెట్టిండో ఆ క్రియ.

కిరాయి పెంచిండ్రని క్లాసు కొండాపూర్ పోయింది.
పైన ఇప్పుడు మోకాళ్ల కసరత్తు,
ఒకటి, రెండు, మూడు,
అన్నీ నాకు తెలిసిన మాటలే.
సౌగంధికి ఫోన్ చేస్తే
"ఈ వారం కుదరదక్కా" అంది,
తెలుగుల.

చిలకపచ్చ బ్లౌజు కొక్కానికే ఉన్నది.
చీటీ మీద నూటా ఇరవై బాకీ.
ఆరు దాటినంక సూదిల దారం ఎక్కిస్తూ
నోట్లెనే అంట: కేదో.
నేను మిగిలిన అన్నట్టా,
ఎవరికో టైము చెప్పినట్టా,
అడుగుదామంటే
మెట్ల మీద ఎవ్వరు దిగుతలేరు.