సీసా నంబరు నలభై ఒకటి

నాకు లాటిన్ రాదు.
జిగురు తెలుసు.
మైదాపిండిలో చిటికెడు మైలుతుత్తం వేసి ఉడికిస్తే
పురుగు పట్టదు, సీసా చెమర్చినా ఊడదు.
కావలి కాలేజీ జంతుశాస్త్రం గదిలో
ముప్పయ్యొక్కేళ్లు
ఆ జిగురుతో పేర్లు అంటించాను.

నలభై ఒకటో సీసాలో కప్ప.
నిమ్మకాయంత ఒళ్లు, మెడ లేదు,
ఫార్మలిన్‌లో రంగు పోయి
నానబెట్టిన శనగలా ఉబ్బింది.

జకరయ్య సారు మొదటి చీటీ రాశారు
నిబ్బు పెన్నుతో, ఊపిరి బిగబట్టి:
రానా బ్రెవిసెప్స్.
"అంటే ఏంది సార్?"
"పొట్టితలది."
ఇంతేనా అనుకున్నా.
మా మేనమామనీ ఊళ్లో అట్టే పిలుస్తారు,
ఆయనకి సీసా లేదు.

సారే చెప్పారు:
మన సముద్రం ఒడ్డునే కిందికి, కిందికి పోతే తరంగంబాడి.
అక్కడ దొరికినదాన్ని రెండొందలేళ్ల కిందట
వాన తెలియని బల్ల మీద పెట్టుకుని
ఓ జర్మనీ పండితుడు పెట్టిన పేరంట.
తర్వాతొచ్చినవాళ్లు పెట్టెతలన్నారు,
ఆఫ్రికాలో దానికి చుట్టాల్ని వెతికారు,
సంబంధం కలిపారు,
మళ్లీ తెంపారు.
కప్పనెవరూ అడగలేదు, అని నవ్వి
చాక్‌పీసు పొడి దులుపుకున్నారు.

షాహిదా మేడం వచ్చిన ఏడు రెండో చీటీ.
టోమోప్టెర్నా.
కోసిన మడమ.
పట్టకారుతో వెనక్కాలు ఎత్తి చూపించింది.
మడమ కింద గోరంత పార,
అంచు ఇంకా పదును.
పాత చీటీ పీకకూడదు, రూలు.
దాని మీదే అంటించాను.

మూడోది స్ఫీరోథీకా. గుండ్రటి ఒర.
కొత్తది కాదంట,
నూటయాభై ఏళ్ల నాటి పేరునే
అటక మీంచి దించి, దులిపి, ఇచ్చారు.

మొన్నెప్పుడో బెంగుళూరు నుంచి ఓ కుర్రాడొచ్చాడు.
సీసా వెలుతురులో తిప్పి తిప్పి చూసి
"ఇది అది కాకపోవచ్చు" అన్నాడు.
ఒకటనుకున్నవి నాలుగో అయిదో ఉన్నాయంట,
రక్తంలో చూస్తేగాని తేలదంట,
ఫార్మలిన్ తాగినదాని రక్తం సరిగ్గా పలకదంట.
చీటీ మీద పెన్సిలుతో
ఓ ప్రశ్నార్థకం గీసి బస్సెక్కాడు.

దీన్ని తెచ్చింది పోలమ్మ.
బిట్రగుంట రైలుకట్ట అవతల
యానాదుల గుడిసెల్లోంచి
తడి గోనెలో పాతిక కప్పలు, కప్పకి రెండు రూపాయలు.
ఎట్టా పట్టావంటే
"ముందునుంచి తొవ్వితే దొరకదయ్యా.
దానికి ఎనకే ముందు.
పిర్రలతో నేలలోకి కూచుంటా పోద్ది,
మొకం ఆకర్న మునుగుద్ది.
మా పిలకాయలు దిగుడోడంటారు."
దిగుడోడు.
సారు విన్నారు, తలూపారు,
చీటీలో ఆ గడి లేదు.

రిటైరయ్యే వారం స్పిరిట్ నింపుతుంటే
సీసా చేతిలో జారింది. పగల్లేదు.
తడిసి చీటీలన్నీ కలిసి ఒకే అట్టముక్కై ఊడొచ్చాయి,
మూడు పేర్లు, ఒక ప్రశ్న,
అడుగున సారు అక్షరాలు:
ఎర్రచెలక, బిట్రగుంట, పన్నెండు పది ఎనభైయ్యేడు.
తెచ్చినవారు: కళాశాల.

బ్లేడుతో విడదీయబోయి ఊరుకున్నాను.
జిగురు మరీ బాగా ఉడికించాను ఆ రోజుల్లో.
అట్టనలాగే, వెనకది ముందుకి తిప్పి
అంటించేశాను.
రూలు తప్పిందో లేదో మేడంని అడగలేదు.

ఆ రాత్రి వాయుగుండం.
పాసింజరు దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని
కట్ట దాటుతుంటే
చెలకంతా గొంతులు,
నాలుగో అయిదో, ఎవరు లెక్కపెడతారు.
కాలి దగ్గర మట్టి కదిలింది.
టార్చి వేశాను.

రెండు కళ్లు.
పక్కకి పక్కకి ఒళ్లూపుతా
తిన్నగా నన్నే చూస్తా
దిగిపోతా ఉంది.