పద్నాలుగో నంబరు

ఫిషింగ్ హార్బరు. ఐసు ఫ్యాక్టరీ మేడమీద గది.
గోనెసంచి లాగితే
ఎలకపెంటల మధ్య కూర్చుని ఉంది,
తుఫాను ఏడాది ఆపేసిన సర్వరు.
ఫ్యాను రెక్కలకి ఉప్పు, స్క్రూలకి తుప్పు,
నుదుట మాత్రం ఇంకా
ఆ దసరాకి పెట్టిన కుంకం బొట్టు.

"ఏటి బాబూ, ఊపిరుందేటి దీనికి?"
ముక్కుకి కొంగు అడ్డంపెట్టుకుని అడిగింది
పద్దుల గుమస్తా చోడిపిల్లి నూకరత్నం గారు.
ఆవిడకి కావలసింది ఒక్క లెక్క.
సూరాడ తవిటయ్య బోటు
ఆ ఏడాది ఎత్తిన ఐసు దిమ్మలెన్ని, డబ్బు కట్టినవెన్ని.
బాకీ ఉందంటుంది కంపెనీ.
లేదంటుంది తవిటయ్య పెళ్ళాం.
కాగితాలు సముద్రం పట్టుకుపోయింది.

కేబుల్ చేతిలో ఉంది, గోడకి కన్నం ఉంది.
దూర్చేస్తే చిటికెలో పని.
కానీ లేవగానే ఇది ఏమంటుందో నాకు తెలుసు.
"పద్నాలుగు నాది" అంటుంది.
దానికేం తెలుసు,
తొమ్మిదేళ్ళుగా పద్నాలుగులో
కోల్డురూము థర్మామీటరు కాపురముంటోందని.
ఒకే నంబరుకి ఇద్దరూ పలికితే
స్విచ్ కాసేపు వీడి మాట, కాసేపు వాడి మాట నమ్ముతుంది.
కింద నాలుగు టన్నుల కోనం చేప
ఏ చలిలో ఉందో ఎవడికీ తెలీదు.

అందుకని ముందు ఒంటరిగా లేపాను.
కీబోర్డు, మానిటరు. లోకంతో సంబంధం లేదు.
గుర్రుపెట్టి, దగ్గి, రెండుసార్లు మళ్ళీ పడుకుని
మూడోసారి లేచింది.
గడియారం బ్యాటరీ చచ్చి
తేదీ జనవరి ఒకటి,
నేను నాలుగో క్లాసు చదివిన ఏడాది.
నీ నంబరెంత అని అడిగాను.
పద్నాలుగు, అంది.
ఎంత నిబ్బరంగా అందో!

కిటికీలోంచి జెట్టీ కనిపిస్తోంది.
మరమ్మతుకెళ్ళిన బోటొకటి తిరిగొస్తోంది.
దాని పాత చోట మూడు వరసల్లో కొత్త బోట్లు.
సరంగు ఇంజను తగ్గించి, నీళ్ళమీద నిలబెట్టి,
చేతులు దోసిలి చేసి కేకేశాడు.
ఎవరూ బదులివ్వని చోటు కోసం.

నేనూ పిలిచాను, లాప్‌టాప్‌లోంచి,
రెండొందల పద్నాలుగుని.
నాలుగు పిలుపులు. జవాబు లేదు.
అయినా నమ్మలేదు. పలకనివాళ్ళంతా లేనివాళ్ళు కారు.
ప్లగ్గు పీకేసిన ప్రింటరు కావచ్చు,
సెలవులో ఉన్న మేనేజరు ఫోను కావచ్చు.
రూటరు పంచిపెట్టిన నంబర్ల జాబితా చూశాను,
నాకు ముందు పనిచేసినాయన
గోడమీద పెన్సిల్‌తో గీసిన అంకెలు చూశాను,
నూకరత్నం గారిని కూడా అడిగాను. నవ్వింది.
"మా కోటవీధి ఇంటికి మూడుమార్లు నంబరు మార్సినారు.
పోస్టుమేనుకి మా మావ పేరు సాలేది."

అప్పుడు వెలిగింది నాకు.
ఆవిడ కంప్యూటర్లో పద్దుల ప్రోగ్రాం
ఇప్పటికీ పద్నాలుగు గుమ్మమే తడుతోంది.
అంకె కొట్టేసి పేరు రాశాను, ఐసుమేడ అని.
పేరు పక్కన కొత్త నంబరు.

కేబుల్ పెట్టాను. టక్.
ఆకుపచ్చ దీపం
కాస్త ఆలోచించి వెలిగింది.
పరిగెత్తి కిందకెళ్ళి చూశాను.
కోల్డురూము మైనస్ పద్దెనిమిది. కదల్లేదు.

తవిటయ్య ఖాతా తెరుచుకుంది.
ఎత్తినవి మూడొందల పన్నెండు దిమ్మలు.
డబ్బు కట్టినవి మూడొందల పన్నెండు.
ఆఖరి జమ, తుఫానుకి రెండ్రోజుల ముందు.

నూకరత్నం గారు ఏమీ అనలేదు.
ప్రింటు తీసి, నాలుగు మడతలు పెట్టి,
రవికలో దోపుకుని మెట్లు దిగింది.

నాకింకా
తేదీ సరిచేసే పని మిగిలే ఉంది.